రెండువందలో పేరు

అహరోను చిన్న త్రాసు పళ్లెంలో పొడి పోసి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. తూచిన పొట్లాలు పది కలిపి మళ్లీ తూచాడు. ఒక్కొక్కటీ వెంట్రుకవాసి ఎక్కువతక్కువైనా ఫరవాలేదు, పదింటి సగటు మాత్రం తప్పకూడదని డాక్టరు ఆజ్ఞ. తప్పలేదు. కాగితాల అంచులు గోటితో నొక్కి మడిచాడు. ఆ గోళ్లు ఇరవయ్యేళ్ల పొడికి పచ్చబారిపోయాయి. అన్నం ముద్ద కూడా అతని నాలుకకి చేదే. భీమునిపట్నం మిషను బడిలో పెట్టిన పేరు ఈ లోయలో ఎవరికీ నోరు తిరగలేదు. అందరికీ అతను చేదుబాబు.

ఆ చిన్న ఆసుపత్రి గదిలో బల్ల మీద రెండు రేకు డబ్బాలున్నాయి. తెల్లకాగితం పొట్లాల్లో పాత క్వినైను, ఎర్రకాగితం పొట్లాల్లో కొత్తగా వచ్చిన బెరడు పొడి. వానలు మొదలైన నాటినుంచి డాక్టరు కృష్ణమూర్తి ఒక పద్ధతి పెట్టాడు. జ్వరంతో వచ్చిన మొదటివాడికి ఎర్రది, తరవాతివాడికి తెల్లది, మళ్లీ ఎర్రది. మొహం చూడకూడదు, జాలి పడకూడదు. ఐదో రోజుకి జ్వరం దిగిందో లేదో పుస్తకంలో రాయాలి.

"రెండు పొడులూ ఒకటేననుకుని మొదలెట్టాలి, అహరోనూ" అన్నాడు డాక్టరు ఆ రోజు. "గవ్వలు వందసార్లు వేస్తే సరిగ్గా యాభైసార్లే వెల్లకిలా పడవు కదా. కాస్త అటూ ఇటూ అవుతాయి. అదృష్టం ఒక్కటే లాగగలిగినంత దూరం దాటి తేడా వస్తేనే రెండూ వేరని నమ్మాలి. అందాకా నమ్మకూడదు."

అహరోను తలూపాడు కాని, నమ్మకం అతని చేతిలో లేదు. ఏడేళ్ల కిందట అతని భార్య వరమ్మ తొమ్మిది రోజులు తెల్లపొట్లాలు మింగి, ఈ గదిలోనే కన్నుమూసింది. అప్పట్నుంచీ తెల్లడబ్బా మూత తీసినప్పుడల్లా అతని వేళ్లు చల్లబడేవి.

లెక్క తేలడానికి రెండువందల పేర్లు కావాలి. పుస్తకంలో నూటతొంభైతొమ్మిది పేర్లయ్యాయి. ఎర్రది తిన్న వందమందిలో ఎనభైఒక్కరికి జ్వరం దిగింది. తెల్లది తిన్న తొంభైతొమ్మిదిమందిలో అరవైఎనిమిదిమందికి. చలి ముదిరాక జ్వరాలు తగ్గి, ఆ చివరి పేరు కోసం వారంనుంచి ఎదురుచూస్తున్నారు. అది తెల్లపొట్లం వంతు. డాక్టరు పక్క ఊరు వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడు.

పొద్దెక్కుతుండగా గుమ్మంలో నీడ పడింది. గూడెం నుంచి వచ్చిన మంగ్లు భుజమ్మీద గుడ్డలో చుట్టిన పిల్ల, వెనకాల అతని భార్య సోములమ్మ. వరమ్మ పోయిన రోజు, జ్వరపు ఇల్లని ఎవరూ గడప తొక్కకపోతే, నీళ్లు కాచి ఆమెకి చివరి స్నానం చేయించింది ఈ సోములమ్మే.

"సూడన్నా, మా సుక్రికి ఏడు దినాలనుండి కాక దిగనేదు. రేతిరినుండి పలకనేదు. బేగి మందియ్యన్నా" అన్నాడు మంగ్లు.

అహరోను పిల్ల పొట్ట తడిమాడు. ఎడమ పక్కన జ్వరపు గడ్డ రాయిలా తగిలింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. అతను లేచి బల్ల దగ్గరికి వెళ్లాడు. చెయ్యి తెల్లడబ్బా మీద ఆగింది. ఎర్రడబ్బా మూత తీశాడు.

పొడి తేనెలో రంగరించి పిల్ల నాలుకకి రాశాడు. తరవాత పుస్తకం తెరిచి రాశాడు: రెండువందలు. సుక్రి. తెల్లది.

సిరా ఆరకముందే భయం పట్టుకుంది. డాక్టరు పొట్లాలు లెక్కపెడితే? ఎర్రడబ్బాలో తగ్గిన పొట్లానికి బదులు ఇంకోటి తూచి కట్టి పెట్టాడు. ఒక తెల్లపొట్లం తీసి పొయ్యిలో వేశాడు. ఆ వాసన గదంతా అలుముకుంది. కిటికీ తెరిచాడు. పిల్లకి నయమైతే ఆ మంచి తెల్లదానికి పోతుంది. కాకపోతే... ఆ ఆలోచన దగ్గరికి మనసు వెళ్లనివ్వలేదు. గంటకోసారి పిల్ల నుదురు తాకాడు. బయట గాలికి తలుపు కదిలినా ఉలిక్కిపడ్డాడు.

పొద్దు వాలుతుండగా పిల్ల గొంతులో చిన్న గురక లాంటిది వచ్చి ఆగింది. అంతే. సోములమ్మ వెంటనే ఏడవలేదు. పిల్ల అరికాళ్లు రుద్దుతూ ఉండిపోయింది. కాసేపటికి తలెత్తింది.

"ఏ మందిచ్చావన్నా?"

"మంచిదే ఇచ్చానమ్మా."

"నానెరుగుదును. నువ్వు మా గుంటకి సెడ్డది ఇయ్యవు."

మంగ్లు పిల్లని మళ్లీ గుడ్డలో చుట్టి ఎత్తుకున్నాడు. ఇద్దరూ వాగు వైపు దిగిపోయారు.

ఎండ ఇంకా కొండ కొనల మీద ఉండగానే డాక్టరు వచ్చాడు. చావు మాట విని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత పుస్తకం దగ్గరికి లాక్కుని చివరి గీత గీశాడు. కాగితం మీద అంకెలు వేశాడు.

"ఎర్రది వందకి ఎనభైఒకటి, తెల్లది వందకి అరవైఎనిమిది. పదమూడు తేడా. అదృష్టం లాగితే పన్నెండు దాటి ఇంకొంచెం, అంతవరకే. తేలిపోయింది, అహరోనూ! ఇక కొండకొండకీ కొత్త పొడే పంపమని రాస్తాను."

ఇన్ని నెలలుగా అహరోను వినాలనుకున్న మాట అది. నోరు మూసుకుంటే చాలు. పొట్లం బూడిదైపోయింది, చూసినవాళ్లకి రంగుల సంగతి తెలియదు. అయినా అతని కళ్లకి ఇంకోటి కనబడింది. కొండకొండకీ ఎర్రపొట్లాలు, ఒక్కొక్క పొట్లం ముందు ఒక సోములమ్మ, ఏ మందిచ్చావన్నా అని.

"ఆ పిల్లకి ఎర్రదే ఇచ్చాను బాబూ. తెల్లదని రాశాను."

డాక్టరు కలం దించాడు. మళ్లీ అంకెలు వేశాడు. ఎర్రది నూటొక్కరికి ఎనభైఒకటి. తెల్లది తొంభైతొమ్మిదికి అరవైఎనిమిది.

"వందకి పదకొండున్నర. ఇప్పుడు అదృష్టం లాగేదాంట్లోనే పడింది."

"అంటే రెండూ ఒకటేనా బాబూ?"

"అనడానికి లేదు. వేరని చెప్పలేం, అంతే." డాక్టరు అంకెల కాగితం మడిచాడు. "అసలు ఇలా మార్చింది ఈ ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా అని పైవాళ్లు అడుగుతారు. నేనేం చెప్పను? అంతా మళ్లీ ఒకటో పేరునుంచి మొదలు. ఈసారి పొట్లం తీసే చెయ్యి నీది కాకూడదు."

"కాకూడదు బాబూ. ఇంకేవీ లేవు. కాని మీరు నమ్మక్కర్లేదు."

తాళాలు బల్ల మీద పెట్టి, చొక్కా, బైబిలు మూట కట్టుకున్నాడు. డాక్టరు ఆగమనలేదు. పొమ్మనీ అనలేదు. అహరోను మూలనున్న గునపం తీసుకుని, మంగ్లు వెళ్లిన దారినే వాగు వైపు దిగాడు. గొయ్యి తవ్వడానికి అక్కడ ఇంకో మనిషి కావాలి.

దీపం వెలిగించబోతూ డాక్టరు అరుగు మీద చూశాడు. పిల్ల లేచాక తాగుతుందని తల్లి తెచ్చిన అంబలి, ఎండు ఆనపబుర్రలో, మూతికి కుక్కిన ఆకు కదలకుండా అలాగే ఉంది.