బందరులో ముగ్గురం

పెళ్ళయిన నెలకి మా ఆయన చక్రి, "ఆదివారం బందరు పోదాం, సముద్రం చూద్దాం" అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు కాలు నిలవలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినా నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఇంటినుంచి బయల్దేరుతుంటే అత్తగారు ఆపారు.

"కొత్త చీర దానికి చూపించావా?"

"చూపించానండీ అత్తయ్యా."

'అది' అంటే సింధూరి, ఆయన మొదటి భార్య. విషజ్వరంతో పోయింది. ఆమె పేరున చేయించిన చిన్న బంగారు బిళ్ళ నా మెళ్ళో మంగళసూత్రం పక్కనే ఉంటుంది. సవతి బొమ్మ అంటారు దాన్ని. ఏ కొత్తదైనా ముందు ఆమె ఫొటోకి చూపించాకే నేను కట్టుకోవాలి. మా ఊళ్ళోనూ ఈ ఆనవాయితీ ఉంది కాబట్టి నాకేం వింతగా అనిపించలేదు.

బస్సు ఉయ్యూరు దాటాక ఆయన కిటికీలోంచి చూపిస్తూ మొదలుపెట్టారు. "అదిగో, బందరు కాలువ. ఈ నీళ్ళన్నీ కృష్ణవే. అవి చెరుకు తోటలు."

నాకు కాలువ తెలియకపోవడమేమిటి? మా పెరటి వెనక పారేదీ కృష్ణ కాలువే. కాలువలు కొత్తయింది సింధూరికి, ఆమెది ఖమ్మం వైపు. అప్పుడు గమనించాను. ఆయన నా కళ్ళలోకి చూసి చెప్పడం లేదు. గడ్డానికి కాస్త కిందగా, మెళ్ళో బిళ్ళకేసి చూస్తున్నారు.

బందరులో కాశిం అనే అతని ఆటో మాట్లాడుకున్నాం. మొదట డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళాడు. నల్లరాళ్ళ మీద తెలియని అక్షరాలు, చుట్టూ గడ్డి.

"పాపం, ఎక్కడివాళ్ళో. ఇక్కడికొచ్చి పోయారు" అన్నాను.

"పోవడమేంటమ్మా?" కాశిం నవ్వాడు. "అద్దె కట్టకుండా మూడొందల ఏళ్ళ బట్టి ఇక్కడే ఉంటేనూ!"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

మిఠాయి కొట్లో రుచికని చెరో లడ్డూ ఇచ్చారు. ఆయన "ముగ్గురం" అని ఇంకొకటి అడిగి తీసుకుని, ఆటోలో నా ఒళ్ళో పెట్టారు. నేను దాన్ని ముట్టుకోలేదు.

"మూడోవారు వెనక వస్తున్నారా సార్?" అన్నాడు కాశిం.

"వచ్చేసింది" అన్నారు ఆయన.

కాశిం అద్దంలోంచి ఒకసారి నా వైపు, ఒకసారి నా పక్కనున్న ఖాళీ వైపు చూశాడు. ఆ తర్వాత మంగినపూడి బీచి దాకా రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాడు.

సరుగుడు చెట్లు దాటగానే సముద్రం. అందరూ చెప్పినట్టు నీలంగా లేదు, పాలు తక్కువైన టీ రంగులో ఉంది. కాళ్ళ కింద నల్లటి మెత్తటి మట్టి. నాకు నీళ్ళంటే భయం. అయినా, అడుగు వెయ్యాలని నేను అనుకోకముందే నా కాళ్ళు కదిలాయి. నీళ్ళు చీలమండలు దాటాయి.

"చూశావా?" అన్నారు ఆయన. నెల రోజుల్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "అడిగినప్పుడల్లా వచ్చే ఆదివారం అన్నాను. ఆస్పత్రిలోనూ అదే అన్నాను."

"చాలా బాగుందండీ" అని నా నోట్లోంచి వచ్చింది. నాకింకా బాగుందో లేదో తెలియదు. నేనింకా సరిగ్గా చూడనేలేదు.

అప్పుడు నిజంగా భయమేసింది. ఇంకాసేపు ఊరుకుంటే ఇవాళ బందరు వచ్చింది ఆమే అవుతుంది, రాత్రికి విజయవాడ తిరిగి వెళ్ళేదీ ఆమే అవుతుంది.

"అక్క చూసిందండీ" అన్నాను. "ఇక నాకు చూపించండి."

ఆయన తల ఎత్తారు. దారిలో ఎవరో ఆపి పలకరిస్తే, ఎక్కడ చూశానా అని తడుముకున్నట్టు నా ముఖంలోకి చూశారు.

"నువ్వూ చూడలేదా?"

"లేదు."

"పొద్దున్నుంచీ చెప్పవేం?"

"మీరు అడిగితేగా."

ఆయన ప్యాంటు మడుచుకుని నాకంటే ముందుకి, మోకాళ్ళలోతు దాకా వెళ్ళి ఆగారు. పెద్ద కెరటం ఒకటి వస్తోంది. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచారు.

ఎవరికోసమో తెలియలేదు. నేనే పట్టుకున్నాను.