వాన పడిన మరునాటి మేళా

మండల వ్యవసాయాధికారి మారెప్ప మోటారు సైకిలు వాకిట్లో ఆగేసరికి హేమ పళ్ళెంలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. ఆయన బండి దిగకుండానే కబురు చెప్పేశాడు. అనంతపురంలో జరిగే వ్యవసాయ ప్రదర్శనకు వాళ్ళ ఊరి యువ రైతు సంఘాన్ని పిలిచారు. బెంగుళూరు నుంచి చిక్కీలు చేసే కంపెనీ ఒకటి వస్తోంది. నడుమ దళారీ లేకుండా సంఘాల దగ్గరే వేరుశనగ కొంటుందట. నచ్చితే ఆ రోజే ఒప్పందం.

"పదిమందన్నా రావల్లమ్మా. మనుషుల మొగాలు చూడందే వాళ్ళు సంతకం పెట్టరంట. మీ ఆయనకు గట్టిగా చెప్పు" అని, ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

హేమ పళ్ళెం అక్కడే వదిలేసి చేని దారి పట్టింది. ఆ కంపెనీకి సంఘం తరఫున ఇంగ్లీషులో దరఖాస్తు రాసింది తనే. పెళ్ళయి రెండు నెలలు. ఆ ఇంట్లో ఆమె వంటకు ఇంకా పేరు రాలేదు, ముగ్గుకు రాలేదు. ఈ దరఖాస్తు ఒక్కటి గెలిచింది. ఏటా కళ్యాణదుర్గం మండీలో దళారి చెప్పిన ధరకు తలూపి వచ్చే ఊరు ఈసారి కుర్చీలో కూర్చుని బేరమాడబోతోంది. చేలో ఉన్న భర్త రాఘవేంద్ర ఆ కబురు విని గట్టు మీదే చతికిలబడి, నవ్వి, "నువ్వు మా సంఘానికి కలెక్టరువి" అన్నాడు. ఆ ఒక్క మాటను హేమ ఇంటికొచ్చేలోపు మనసులో ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నదో.

ఇంకో సంతోషం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. ఎప్పుడు చూసినా మనుషులే ఉండే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు సగం కళ్ళతోనే జరగాలి. ఆషాఢం వస్తే ఎటూ ఆమె గుంతకల్లులోని పుట్టింటికి పోవాల్సిందే. అంతలోపల అనంతపురం దాకా ఒకే సీట్లో పక్కపక్కన ప్రయాణం. తను చదువుకున్న కాలేజీ చూపిస్తుంది, గేటు ఎదుట బండి మీద మిరపకాయ బజ్జీలు తినిపిస్తుంది, ఆయన కారం తట్టుకోలేక ముక్కు తుడుచుకుంటే చూసి నవ్వుతుంది. చెంబులో నిప్పులు పోసి ఆయన తెల్ల చొక్కాను మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. తన వంగపండు రంగు చీర తీసి ఆ చొక్కా పక్కనే పెట్టి, రెండూ ఒకదాని పక్కన ఒకటి ఎట్లుంటాయో కాసేపు చూసుకుంది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం వాన వచ్చింది.

అది మామూలు వాన కాదు. మృగశిర కార్తె ఎండిపోయింది, ఆరుద్ర కూడా ఎండుతుందని అందరూ ఆకాశం వంక చూడటమే మానేసినాక వచ్చిన వాన. ఊరంతా ఇళ్ళలోంచి బయటికొచ్చి తడిసింది. హేమ కూడా తడిసింది. ఎర్రనేల వాసన కొత్త కుండలో నీళ్ళ వాసనలా ఉందని అత్తకు చెబితే ఆమె కూడా నవ్వింది. తల తుడుచుకుంటూ లోపలికొచ్చిన హేమకు రాఘవేంద్ర అటక మీది నుంచి విత్తనాలు వేసే గొర్రు దించుతూ కనిపించాడు.

పొద్దున బస్సు సంగతేమిటని అడిగింది. ఆయన గొర్రు కిందపెట్టి, ఆమె మాట అర్థం కానట్టు ఒక్క క్షణం చూశాడు.

"విత్తనానికి పదును పడింది గదా హేమా. రెండు దినాలు ఎండ కాస్తే నేల ఆరిపోతాది. మన గొర్రు మీద ఎర్రప్పోళ్ళు, సుంకప్పోళ్ళు గూడా ఆధారపడినారు. నేను యాడికొచ్చేది?"

మిగతా తొమ్మిదిమంది?

"వాళ్ళకు మాత్రం చేన్లు లేవా? నువ్వు పోయిరా. చదువుకున్నదానివి, మా కంటే బాగా మాట్లాడతావు."

హేమ నాయన రైల్వేలో గార్డు. గుంతకల్లు క్వార్టర్సులో వానొచ్చినా జ్వరమొచ్చినా డ్యూటీ డ్యూటీయే. వస్తానని చెప్పి రాకపోవడమనే విద్య ఆ వీధిలో ఎవరికీ రాదు. అలాంటి చోట పెరిగిన పిల్లకు, పదిమంది ఇచ్చిన మాటను ఒక్క వాన ఇట్లా తుడిచేయడం మింగుడు పడలేదు. ఇస్త్రీ చొక్కాను తీసి పెట్టె అడుగున పెట్టేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్క సీట్లో కంబదూరులో ఎక్కిన ఒక పెద్దామె కోళ్ళగంప పెట్టి, తను కింద కూర్చుంది. గంపలోంచి ఒక పెట్ట తల బయటపెట్టి హేమ చీర అంచును పొడవసాగింది. మొగుడు కూర్చోవలసిన చోట కోడిపెట్ట కూర్చుందని ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోయేసరికి అది సగంలోనే ఆగిపోయింది. బయట రెండు వైపులా చేన్ల నిండా జనం. కాడెద్దులు, గొర్రు, దాని వెనకే గింజలు జారవిడుస్తూ ఆడవాళ్ళు. ఎక్కడా ఒక్కరు తలెత్తి బస్సు వంక చూడలేదు. ఆ సీమ మొత్తానికి ఒకటే పని ఉంది, ఆ పనిలో లేనిది తనొక్కతే అనిపించింది.

ప్రదర్శన మైదానంలో షామియానాల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. డ్రిప్పు పైపుల వాళ్ళు, మోటార్ల వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, ఎరువుల వాళ్ళు, అందరూ తమ తమ బల్లల వెనక ఈగలు తోలుకుంటున్నారు. హేమ కనబడగానే చెరువులో గింజ పడితే చేపలు కదిలినట్టు అందరూ ఒక్కసారి కదిలారు. ఒకరు టోపీ ఇచ్చారు, ఒకరు పెన్ను, ఇంకొకరు తాళాలు తగిలించుకునే చిన్న ట్రాక్టరు బొమ్మ. ఆ బొమ్మ చక్రాలు నిజంగానే తిరుగుతున్నాయి. ఆయనకు చూపించాలని మురిసి, కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి దాన్ని సంచిలో పడేసింది.

ఆ మైదానంలోనే రైతు సదస్సుకు వేసిన డేరాలో వరసలుగా కుర్చీలు. ప్రతి వరసకూ ఒక సంఘం పేరు అతికించారు. తమ ఊరి పేరున్న వరసలో మొదటి కుర్చీలో కూర్చుని వెనక్కి చూసింది. ఏ వరసలోనూ మనిషి లేడు. పిలిచిన సంఘాలన్నిటి మీదా అదే వాన పడింది మరి. వేదిక మీద వ్యవసాయ శాఖ పెద్ద అధికారి కొండప్ప గారు రాసి తెచ్చుకున్న ఉపన్యాసం తీసి, "పెద్ద సంఖ్యలో తరలివచ్చిన యువ రైతులారా" అని మొదలుపెట్టారు. తలెత్తి హేమను చూసి, కళ్ళజోడు సవరించుకుని, పాపం చివరిదాకా చదివారు. ఆమె ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు డేరాలో ఎంత చిన్నగా వినిపించిందంటే రెండోసారి కొట్టడానికి సిగ్గేసింది.

చిక్కీల కంపెనీ తరఫున వచ్చినతని పేరు అభిలాష్. టై కట్టుకున్నాడు, బూట్లకు బురద అంటింది. ఎదురు కుర్చీలో కూర్చుని మర్యాదగానే మాట్లాడాడు. దరఖాస్తు బాగుందన్నాడు. సంతకం మాత్రం కుదరదన్నాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్. ఒక్క రోజు రమ్మంటే రాలేనివాళ్ళు, రేపు కోతయ్యాక చెప్పిన తేదీకి వేరుశనగ కాయ పంపుతారని నేను మా వాళ్ళకు ఎట్లా చెప్పను?"

పొద్దుటి నుంచి కోళ్ళగంప పక్కన కూర్చుని హేమ మొగుణ్ణి మనసులో తిట్టిన తిట్టు ఇదే. తన మాటే పరాయి నోట వినేసరికి అది ఎంత తప్పో తెలిసింది. అటక మీది గొర్రు, కిటికీలోంచి చూసిన వంగిన వీపులు కళ్ళ ముందు నిలిచాయి. జవాబు ఆమె ఆలోచించి చెప్పింది కాదు, అత్తవారి ఊరి యాసలోనే దానంతట అది వచ్చింది.

"పదును పడిన దినం చేను ఇడిసిపెట్టి ఈడికొచ్చి కూర్చున్నోడు మీకు కాయ యాడనుంచి తెస్తాడు సార్? ఈ పొద్దు ఈ కుర్చీలు నిండింటే, అప్పుడు భయపడల్ల మీరు."

అభిలాష్ ఖాళీ వరసల వంక చూశాడు, పెన్ను మూత పెట్టి తీశాడు. విత్తడం తనెప్పుడూ దగ్గర్నుంచి చూడలేదని చివరికి ఒప్పుకున్నాడు. మాట నిజమే కావచ్చు గానీ పదిమంది ముఖాలు చూశానని తను రాసివ్వాలట, అది లేకుండా అడుగు ముందుకు పడదట.

"అయితే వచ్చి చూడండి. రేపు గూడా విత్తుతాంటారు" అంది హేమ.

అంతసేపూ వేదిక మీద ఒంటరిగా కూర్చుని ఈ మాటలే వింటున్న కొండప్ప గారు దిగి వచ్చారు. జీపు తాను ఇస్తానన్నారు. పైవాళ్ళకు సదస్సు జరిగిందని రాయాలంటే ఎక్కడో ఒకచోట రైతులు కనబడాలి కదా అని ఆయన బాధ ఆయనది. ఊళ్ళో ముందే కబురు చేయమంటారా అని అడిగారు. హేమ వద్దంది. చెబితే ఎద్దులు విప్పేసి, ఉప్మాకు ఎసరు పెట్టి కూర్చుంటారు.

చేనికి వస్తానని అభిలాష్ ఒప్పుకుని, అన్నీ అనుకున్నాక కూడా ఆమె గుండెలో ఒక మూల ఖాళీగానే ఉంది. ఈ మాట మొదట వినవలసినవాడు ఇప్పుడు మడమల దాకా తడిమట్టిలో ఎద్దుల వెనక నడుస్తుంటాడు. పొద్దున్నే జీపు ఎక్కాలంటే ఈ రాత్రి తను కాలేజీ స్నేహితురాలు పద్మప్రియ ఇంట్లో పడుకోవాలి. ఆమె ఎంత బాగా చూసుకున్నా అది వేరే ఇల్లే.

కార్యక్రమంలో "యువ రైతు ప్రసంగం" అని ఒకటి మిగిలింది. కొండప్ప గారు మైకు ఆమె చేతికిచ్చారు. హేమ వేదికెక్కింది. ఎదురుగా వరసలన్నీ ఖాళీ. అభిలాష్ ఒక్కడు నిలబడి ఉన్నాడు, డేరా గుమ్మం దగ్గర మోటార్ల కంపెనీ మనుషులు ఇద్దరు టీ గ్లాసులతో ఆగారు. ఆమె గొంతు సవరించుకుని చెప్పింది.

"రేపటి సదస్సు మా ఊరి చేన్లో జరుగుతుంది. పొద్దున ఆరింటికి జీపు ఈ గేటు దగ్గర నుంచే బయల్దేరుతుంది. వచ్చేవాళ్ళు గట్టు మీదే చెప్పులిడిసి దిగల్ల. మాట్లాడాలంటే ఎద్దుల ఎంట నడుస్తా మాట్లాడల్ల, మావాళ్ళు గొర్రు ఆపరు."