ఇరవై ఎనిమిదో రోజు

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉన్న ఆ నాలుగంతస్తుల బిల్డింగు ముందు నడవడం ప్రేమ్‌రాజ్ మానేసి నలభై ఏళ్లయింది. ఆదివారం అబిడ్స్‌లో చర్చి అయ్యాక తిన్నగా వస్తే ఇల్లు పదిహేను నిమిషాలు. ఆయన మాత్రం సందులన్నీ చుట్టబెట్టి అరగంటకు చేరేవాడు, పాపం భార్యను కూడా వెంట ఈడ్చుకుంటూ.

ఎందుకంటారా? కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ బిల్డింగుకు ఇంజనీరు ఆయనే. పోసిన కాంక్రీటుతోనే నాలుగు దిమ్మలు చేసి, నీళ్లలో నానబెట్టి, ఇరవై ఎనిమిదో రోజున మిషన్లో పెట్టి పగలగొట్టాలి. ఎంత ఒత్తిడికి పగిలిందో అదే దాని బలం. ఈ మహానుభావుడు ఏడో రోజున ఒక దిమ్మను పగలగొట్టి, వచ్చిన అంకెను ఒకటిన్నరతో హెచ్చవేసి, ఇరవై ఎనిమిదో రోజు గడిలో ముందే రాసి సంతకం పెట్టేశాడు. తీరా ఆ రోజు వచ్చేసరికి తొట్టి ఖాళీ! మిగిలిన దిమ్మల్ని ఎవరో పొయ్యి రాళ్లుగా పట్టుకుపోయారు. పై అంతస్తులు లేచిపోయాయి. నోరు విప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఆ భయంతోనే ఉద్యోగం వదిలి కాలేజీలో పాఠాలకు కుదిరాడు. ఏళ్లు గడిచేకొద్దీ కాంక్రీటు ఎంత గట్టిపడుతుందని ముప్ఫై ఏళ్లు పరిశోధన చేశాడు. జనం మేధావి అన్నారు. అసలు సంగతి తెలిసింది భార్య ప్రేమలీలకు ఒక్కదానికే. ఆ బిల్డింగును ఆవిడ సవతి అనేది. "ఏంది, మల్ల కలలకొచ్చిందా నా సవతి?" అని ఏడిపించేది. ఆవిడ పోయి రెండేళ్లు.

పోయిన వారం పాత విద్యార్థిని సంహిత ఫోన్ చేసింది. "సార్, నాంపల్లిల ఒక పాత బిల్డింగు మీద ఇంకో ఫ్లోర్ ఏస్తరట. పిల్లర్లకెల్లి ముక్కలు కోసి టెస్టుకిచ్చినం. పాత ఫైల్ల మీ సంతకం ఉంది సార్!"

అదే బిల్డింగు. కింద దుకాణాలు, పైన కాపురాలు. ఆ అంకె తప్పయితే ఇన్నేళ్లూ వాళ్లందరినీ ఏ నమ్మకంతో పడుకోబెట్టినట్టు? వారమంతా అన్నం సహించలేదు.

ఈ ఉదయం ఉండబట్టలేక తనే ఆ బిల్డింగు దగ్గరికి వెళ్లాడు. సంహిత కాగితం చేతికిచ్చింది. "బలం ఇరవై ఉండాలె, ముప్ఫై ఒకటి వచ్చింది సార్. మీ చెయ్యి పడ్డంక ఇంక ఫికరేంది!"

"బిడ్డా, పాత ఫైల్ల ఉన్న నంబరు నేను ఉత్తగనే రాసిన. ఇరవై ఎనిమిదో దినం దిమ్మలు పగలగొట్టనే లేదు."

సంహిత పకపకా నవ్వింది. "మీరా సార్? ఒక్క దినం ముందుగాల పగలగొట్టిననని నాకు సున్నా ఏసిన్రు!" అంటూ నవ్వుకుంటూనే మెట్లెక్కి పనిలోకి వెళ్లిపోయింది.

ప్రేమ్‌రాజ్ ఫోన్ తీశాడు. ఎవరికి చెయ్యాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇక దాక్కోవాల్సిన పని లేదు గదా అని తిన్నగా నడిచాడు. అయిదు నిమిషాలకే ఇల్లు వచ్చేసింది. తాళంచెవి చేతిలో ఉంది గానీ తలుపు తీయబుద్ధి కాలేదు. లోపల ఎవరున్నారు గనక!

ఆవిడతో ఇన్నేళ్ల మాటలూ, దెబ్బలాటలూ ఆ సందుల్లోనే సాగాయి. వెనక్కి తిరిగి ఆ చుట్టుదారే పట్టాడు. మొదటి మలుపు తిరిగాక పైకే అన్నాడు.

"లీలా, నీ సవతి గట్టిదేనే."