ఆయన నడక

గోదాం గేటు ముందు సమ్మెకు దిగిన హమాలీలందరూ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకునే ఉన్నారు. అయినా పోలీసులు గుంపును చీల్చుకుంటూ నేరుగా ఆమె భర్త దగ్గరికే వచ్చారు.

"ముఖం చూడకుండా ఎలా పోల్చారయ్యా?" అంది ఆమె, జీపుకు అడ్డం నిలబడి.

"నేను పోల్చలేదమ్మా. గేటు మీది ఆ కెమెరా యంత్రం పోల్చింది, నడకను బట్టి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జడ్జి ముందు పెట్టరా మరి?"

"అక్కర్లేదు. సమ్మె చేసేవాళ్ళ విషయంలో యంత్రం చెప్పిందే తీర్పని రాజ్యమేలే పెద్దాయన సంతకం పెట్టాడు. తప్పుకో."

వారం తిరక్కుండా శవాన్ని అప్పగించారు. గుండె ఆగిందన్నారు.

ఎప్పుడో బస్తా జారి అతని ఎడమకాలి మీద పడింది. కుంటి నడక ఈ గోదాం ఇచ్చిందే. పోలీసులు పట్టుకుపోయిన రోజు అతని ముఖానికి తువ్వాలు కట్టింది ఆమే. "ఇప్పుడు నిన్ను కన్నతల్లి కూడా పోల్చలేదు, పో," అంది. కాలి సంగతే తట్టలేదు. రోజూ మెట్ల మీద ఆ అడుగు విని, అతను తలుపు తట్టకముందే గడియ తీసేది. తనకొక్కదానికే తెలుసనుకున్న గుర్తు యంత్రానికీ తెలుసు. చావుకన్నా అదే ఆమెను ఎక్కువగా తొలిచింది.

యూనియన్ షెడ్డులో వాదులాట.

"మళ్ళీ వెళ్తే ఆ యంత్రం బియ్యంలో రాళ్ళలా ఒక్కొక్కణ్ణే ఏరుతుంది."

"ఇంట్లో దాక్కుంటే కూలి పెంచుతారా? పోయినవాడు తిరిగొస్తాడా?"

మూల కూర్చున్న ఆమె లేచింది. "అందరూ ఆయనలా నడవండి. పట్టుకుంటే అందర్నీ పట్టుకోవాలి, లేదా చచ్చినవాణ్ణి పట్టుకోవాలి."

ఒకడు లేచి నడిచి చూపించాడు.

"అది తాగుబోతు నడక తమ్ముడూ," అంది.

"నాకు వచ్చిందదొక్కటే వదినా." ఎవరో నవ్వారు.

"కుడికాలు గట్టిగా వెయ్యి. ఎడమది ఈడ్చు. ఈడ్చేముందు కాస్త ఆగు. నొప్పి అక్కడే."

అలా నేర్పుతూ పోయింది. వాళ్ళకు వస్తున్నకొద్దీ, తన దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ చేజారిపోతున్నట్టనిపించింది. అయినా ఆపలేదు.

మర్నాడు తెల్లవారి గదిలో ఉండగా వినపడింది. గట్టిగా ఒక అడుగు, కాస్త ఆగి, ఈడుపు. ఆలోచించకుండానే లేచి గడియ తీసింది.

మెట్ల మీద, వీధి నిండా తువ్వాళ్ళు చుట్టుకున్న మనుషులు. ఒక్కరూ ఆయన కారు.

ఆమె కొంగు ముఖానికి చుట్టుకుని, కుడికాలు గట్టిగా వేసి, కాస్త ఆగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వాళ్ళతో గేటు వైపు నడిచింది.