చేతనయ్యే పని

సంగటి కెలికేటప్పుడు గిన్నె కదలకుండా కాలితో అదిమిపట్టాలి. బస్సు మెట్ల మీది నుంచి జారిపడ్డ నాటి నుంచి గంగాదేవికి కుడికాలు మాట వినడం లేదు. పాతగుడ్డ చుట్టిన గిన్నెను ఎడమకాలితో పట్టుకుని తెడ్డు తిప్పుతోంది. గుమ్మంలో నిలబడి భర్త కృష్ణప్ప పాఠం చెబుతున్నాడు.

"డాక్టరు ముందర ఇంగా కొంచెం ఎక్కువగా కుంటల్ల. అన్‌ఫిట్ అని రాస్తే సాలు, నీ ఉద్యోగం మన పిల్లోడు లోకేష్‌కు వస్తాది. నీకూ రెస్టు."

"దినామూ ఇంట్లోనే ఉంటావు గదమ్మా," అంది అత్త మునిలక్ష్మమ్మ, "ఇంగో రెండావులు తోలుకొస్తాం."

గంగాదేవి తెడ్డు తిప్పుతూనే ఉంది. అలసట నిజం, కాలు నిజం, ఇక బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టలేదన్నదీ నిజం. అయితే ఉద్యోగం పోయాక మిగిలేది విశ్రాంతి కాదు, రెండావులు. పుంగనూరు డిపోలో కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆమె 'రైట్' అంటేనే కుప్పం బస్సు కదిలేది. ఇంట్లో ఆమె మాటకు చెంబు కూడా కదిలింది లేదు.

మదనపల్లె ఆసుపత్రిలో తన కుంటుతోనే నడిచింది, దానికి ఏమీ కలపకుండా. డాక్టర్ ఉమాశంకర్ కాలు పరీక్షించి కుర్చీ చూపించాడు.

"ఇదివరకు బస్సులో నిలబడగలరా లేదా అనే చూసేవాళ్ళమమ్మా. ఇప్పుడు వికలాంగుల హక్కుల చట్టం ఉండాది. ఉద్యోగంలో ఉండగా కాలు పోయిందని తీసెయ్యకూడదు, చేతనయ్యే పనికి మార్చల్ల. అందుకే అడుగుతాండాను, నువ్వు ఏ పని చేయగలవు?"

"ఏ పనీ చేతగాదు సార్," కృష్ణప్ప అందుకున్నాడు. "ఇంట్లో గూడా మంచం మీదనే."

గంగాదేవి తన చేతిని చూసుకుంది. గోటి పక్కన రాగిపిండి ఎండిపోయి ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ఇది చెయ్యి, అది చెయ్యి అన్నవాళ్ళే తప్ప, ఏమి చేయగలవని అడిగినవాళ్ళు లేరు.

"కూసోని చేసేది ఏదైనా చేస్తా సార్. డిపోలో రిజర్వేషన్ కిటికీ ఉండాది." ఒక్క క్షణం ఆగింది. "ఇంట్లో ఏ పనీ చేతగాదని ఈయప్ప చెప్పినాడు సూడండి, అది గూడా రాసుకోండి సార్."

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి మంచం మీద కూర్చుంది. పొయ్యి రాజుకోలేదు. వంటింట్లో చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది.

"అమ్మా, తెడ్డు యాడుండాది?" అని అరిచాడు లోకేష్.

ఎక్కడుందో చెప్పింది. లేవలేదు.