దానికంటే నయం

ఆషాఢం గాలి మొదలైతే ఆండర్సన్‌పేటలో ఆడవాళ్ళం తలుపులకి తడి చీరలు కడతాం. బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ ఇసుక దిబ్బ మీంచి లేచే తెల్లదుమ్ము ఆ చీరకి అంటుకోవాలి, ఇంట్లోకి రాకూడదు. జాడించాలి, తడపాలి, మళ్ళీ కట్టాలి. గని ఎప్పుడో మూశారు. ఊడ్చే పని మాత్రం మాకు మూతపడలేదు. ఆ రోజు నేను చీర పిండుతుంటే మా ఆయన ఉమేశ్ ఆటో దిగి, కాళ్ళు కడుక్కోకుండా, అప్పుడే తుడిచిన గచ్చు మీద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రత్నా, సోలార్ వాళ్ళు బూదికోట చేను చూసినారు. బాగుండాదంట. ఇరవై అయిదేండ్ల లీజు. రేపొచ్చి సంతకం పెట్టు, చాలు."

అది నా చేను. అమ్మ పోయేముందు నా పేర రాసింది. రాగి పండుతుంది, గట్టున మామిడి చెట్లున్నాయి. ఇంతకాలం ఈయన నోట అది "మీ అమ్మ అంటగట్టిన బీడు". ఇవాళ ఇంత ప్రేమ ఎందుకొచ్చిందబ్బా? ఏ పుట్టలో ఏ పాముందో!

"లీజు అయిపోయి వాళ్ళు పోయేటప్పుడు ఆ సోలార్ పలకలన్నీ యాడ పడేస్తారు?" అన్నాను.

ఒంటికాలి మీద లేచాడు. "నీకు అన్నిట్లో అనుమానమే! ఇదేమన్నా అణు కరెంటా? అది పేలితే ఊర్లకు ఊర్లే ఖాళీ. దాని చెత్త వేల ఏండ్లు చావదు. ఆ చెత్తను మన పాత గనుల్లో పూడుస్తారంటే అప్పుడు అందరమూ వణికినాము కదా? సోలార్‌కు పొగ లేదు, విషం లేదు. దానికంటే ఇది ఎంతో నయం కదే!"

లోపల చదువుకుంటున్న మా అమ్మాయి నేత్ర తల ఎత్తింది. "లెక్క చూస్తే రెండూ బొగ్గు కంటే మేలే అప్పా. అణు కరెంటుకు నేల తక్కువ చాలు, చెత్తను మాత్రం తరాలు కాపలా కాయాల. సోలార్‌కు నేల శానా కావాల, పాతబడిన పలకల్ని ఎవరో ఒకరు ఎత్తాల."

"నువ్వు చదువుకో పో," అన్నాడు.

దానికంటే నయం. ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో నేను ఏడిస్తే, "పక్కింటి చెన్నప్ప తాగొచ్చి పెండ్లాన్ని కొడతాడు, నేను ఎప్పుడన్నా చెయ్యెత్తినానా?" అన్నాడు. జ్వరంతో వండలేనంటే, "మా అమ్మ పచ్చి బాలింతగా నీళ్ళు మోసింది" అన్నాడు. బట్టల ఫ్యాక్టరీ పనికి పోతానంటే, "పెండ్లాన్ని ఎండలో కూలికి తోలే మొగుళ్ళుండారు, నిన్ను నీడలో పెట్టినా" అన్నాడు. ఎప్పుడూ నా పక్కన ఒక ఘోరాన్ని తెచ్చి నిలబెట్టడం, నా బాధ ఏపాటిదని అడగడం. నీకేం కావాలని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. సోలార్ మంచిదే కావచ్చు. కానీ మంచిదైతే దాని మంచి చెప్పాలి గాని, ఇంకోదాని చెడు చెప్పడం ఎందుకు?

మంచం మీంచి మా అత్త ఆదిలక్ష్మమ్మ దగ్గింది. నా పక్షాన ఏనాడూ మాట్లాడని మనిషి.

"ఆ దిబ్బ ఇసుక మెత్తగా ఉండాదని మేము గిన్నెలు తోమినామమ్మా. తళతళా మెరిసేవి. ఏమీ కాదులే అనుకున్నాము." పగిలి గరుకెక్కిన అరచేతులు చూసుకుంది. "ఈ దిబ్బను ఎత్తేది ఎవురని మేము అడగలా. నువ్వు అడుగు."

నేను తడి చీర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "తలుపుకు కట్టండి. రేపు వస్తాను. పలకలు ఎత్తేదెవరో, మామిడి చెట్లు ఏమవుతాయో నేనే అడుగుతాను. జవాబు నచ్చితేనే సంతకం."

చీర నుంచి నీళ్ళు కారి ఆయన ప్యాంటు తడిసింది. "యాడన్నా ఆడది ఇట్లా మొగుని ముందర నిలబడి అడుగుతుందా?"

"ఏమీ అడక్కుండానే 'నా చేను నేనియ్యను పో' అనేవాళ్ళు కూడా ఉండారు," అన్నాను. "వాళ్ళకంటే నేను నయం కదా."