ముందు సీట్లో హెలెన్

ఫోటో వచ్చేసరికి జ్ఞానేశ్వరి వంకాయలు తరుగుతోంది. ఫ్రాన్సులో ఏదో పల్లెదారి, అటూ ఇటూ పొద్దుతిరుగుడు తోటలు, మధ్యలో అద్దెకారు, కారు ముందు సీట్లో దర్జాగా హెలెన్! చూడగానే జ్ఞానేశ్వరికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఆ సీటు తనది.

సంయుక్త, మనోజ్ఞ, జ్ఞానేశ్వరి బెజవాడలో ఒకే కాలేజీలో లెక్చరర్లు, చదువుకునే రోజుల నుంచీ స్నేహితులు. ఈ ప్రయాణం ఊహ పుట్టిందే జ్ఞానేశ్వరికి. పెద్ద ఊళ్ల జోలికి పోకూడదు, పల్లెల మీదుగా నింపాదిగా పోవాలి, నచ్చినచోట కారాపాలి. రెండేళ్లుగా స్టాఫ్‌రూమ్‌లో ఇదే పారాయణం. తీరా వీసా కోసం హైదరాబాద్‌లో వేలిముద్రలు వేయాల్సిన రోజు అష్టమి అయి కూర్చుంది. "అష్టమి పూట ఎవరైనా కొత్త పని మొదలెడతారుటే?" అని ఈవిడగారు తేదీ మార్చుకుంది. మళ్లీ ఖాళీ దొరికితే ఒట్టు! మిగతా ఇద్దరూ ఆ అష్టమినాడే వెళ్లి శుభ్రంగా వీసాలు తెచ్చుకున్నారు. కాలేజీలో కొత్తగా చేరిన హెలెన్‌కి జర్మనీలో ఉన్న అక్కని చూడటానికి తీసుకున్న వీసా ఉంది. అది ఫ్రాన్సుకీ పనికొస్తుందట.

"హెలెన్ వస్తే నీకేం ఇబ్బంది లేదుగా?" అని సంయుక్త అడిగింది.

"నాకేం ఇబ్బందే! హాయిగా వెళ్లి రండి" అంది జ్ఞానేశ్వరి. నవ్వుతూ మరీ అంది. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి.

రోజూ అక్కడ టిఫిన్ల వేళకి, అంటే ఇక్కడ మధ్యాహ్నం భోజనాలప్పుడు, సంయుక్త ఫోన్ చేసి ఆ రోజు ఎటు పోవాలో అడిగేది. దారంతా జ్ఞానేశ్వరికి కంఠతా వచ్చు.

"జ్ఞానీ, ఇవాళ నది ఒడ్డు ఊరేగా? రాతి వంతెనా, సంతా, నువ్వు కలవరించేదానివే, అదేగా?"

వెనక హెలెన్ ఏదో అంది. మనోజ్ఞ పడీపడీ నవ్వుతోంది. తన మాటకి మనోజ్ఞ ఎన్నడైనా అలా నవ్విందా? రేపు తిరిగొచ్చాక స్టాఫ్‌రూమ్‌లో ఆ ముగ్గురూ ఒక జట్టు, తనొక్కతీ ఓ మూల. ఆ భయమే జ్ఞానేశ్వరి చేత అబద్ధమాడించింది.

"ఆ ఊరేం బావుండదుటే. ఇప్పుడెవరూ పోవట్లేదు. ఉత్తరం వైపు వెళ్లండి, పొలాలు చాలా బావుంటాయి."

అక్కడ హోటలుండదు, కాఫీకొట్టుండదు. బెజవాడ పక్కనున్న మైలవరం పొలాలు చూడ్డానికి అంతదూరం పోయినట్టుంటుంది. ఆ సంగతి బాగా తెలిసే చెప్పింది. ఫోన్ పెట్టేసి రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. సంయుక్త మొహం వెలిగిపోతోంది.

"ఒసే జ్ఞానీ, ఎంత మంచి చోటు చెప్పావే తల్లీ! తినడానికేం దొరక్క ఓ రైతింటి తలుపు తట్టాం. ఆ పెద్దావిడ కూర్చోబెట్టి భోజనం పెట్టి, ఇక్కడే ఉండిపొమ్మంది. వాళ్ల వంటింట్లో హెలెన్ నిమ్మకాయ పులిహోర చేస్తే ఇంటిల్లిపాదీ ఎగబడి తిన్నారనుకో. ఇంకో రెండ్రోజులు ఇక్కడే మకాం. అంతా నీ చలవే!"

తన చేత్తో తనే వాళ్లకి పండగ చేసిపెట్టిందన్నమాట. "చాలా సంతోషమే" అంది పళ్లు బిగబట్టి.

అప్పుడు హెలెన్ ఫోన్ తీసుకుని పెరట్లోకి నడిచింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"జ్ఞానేశ్వరి గారూ, నది ఒడ్డు ఊరు బావుండదన్నారట. నేను కాలేజీలో చేరిన రోజు నుంచీ మీ నోట విన్నది ఆ ఊరి కబుర్లేగా అండీ."

జ్ఞానేశ్వరి గబగబా ఫోన్ సౌండు తగ్గించింది. ఇప్పుడీవిడ వెళ్లి వాళ్లిద్దరి చెవిన వేస్తే ఇంకేముంది?

"వాళ్లకేం చెప్పలేదండీ. మీరు లేకుండా ఆ ఊరు చూడొద్దని మాత్రం అన్నాను. సరేనన్నారు. వచ్చే ఏడు మీ ముగ్గురూ కలిసి చూద్దురుగాని. నాకీ ఒక్క ప్రయాణం చాలండీ."

జ్ఞానేశ్వరి ఊఁ కొట్టి ఫోన్ పెట్టేసింది. భోజనానికొచ్చిన భర్త రాఘవ ఆవిడ కళ్లనీళ్లు చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది? ఆ హెలెన్ ఏమన్నా అందా?"

"అన్నా బావుండునండీ!" అంది జ్ఞానేశ్వరి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మంచిదండీ ఆవిడ. నాకంటే మంచిది. ఇప్పుడు దానికి కూడా ఏడవాలి నేను!"